ఎవరి సంచి వారే

మా ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. "ఎవరి సంచి వాళ్లు మోసుకునే పనైతే వస్తాను. కాదంటే మీరూ పిల్లలూ వెళ్లి రండి. నేనూ అత్తయ్యా ఇంటి దగ్గర ఉంటాం."

ఇది 2018 మార్చి నాటి మాట. మా బ్యాంకు వాళ్లకు ఎల్.ఎఫ్.సి. అని ఒక సదుపాయం ఉంటుంది. దాని గడువు దగ్గరపడుతోంది. పిల్లల పరీక్షలు అయిపోగానే ఏప్రిల్ నెలాఖరులో బెంగుళూరు నుంచి కొచ్చికి రైలు, అక్కడినుంచి మున్నారు కొండల మీద రెండు రోజులు, తిరిగి కొచ్చి వచ్చి లక్షద్వీపాలకు ఓడలో ఐదు రోజులు అని పథకం వేశాను. కొండా, సముద్రమూ ఒకే ప్రయాణంలో చూపించాలని నా ఉబలాటం. మొత్తం ఐదుగురం: నేను, మా ఆవిడ, మా అమ్మ, కాలేజీలో చదివే అమ్మాయి, తొమ్మిదో తరగతి పూర్తిచేసిన అబ్బాయి. అమ్మకు అప్పటికి డెబ్బై ఒకటి.

షరతు వెనక ఒక కథ ఉంది. అది చెప్పకపోతే మిగతాదంతా ఏదో ఇంటి చిట్కాల జాబితాలా ఉంటుంది కాబట్టి చెప్పేస్తాను.

2012 మే నెలలో ఒక పెళ్లికి బయలుదేరాం. ఇదే ఐదుగురం, పద్నాలుగు శాల్తీలు. రెండు పెద్ద సూట్‌కేసులు, పట్టుచీరల పెట్టె, పక్కబట్టల చుట్ట, టిఫిన్ క్యారియరు, పిల్లల బొమ్మల సంచి, ఆవకాయ జాడీ, నీళ్ల కూజా, ఇంకా ఏవేవో. ఒక పెద్ద జంక్షన్‌లో బండి మారాలి. చివరి నిమిషంలో ప్లాట్‌ఫారం మారిందని మైకులో చెప్పారు. కూలీ దొరకలేదు. ఓవర్ బ్రిడ్జి ఎక్కి అవతలికి దిగాలి. నేను రెండు సూట్‌కేసులతో ముందు పరిగెత్తి పైకి చేరి, అలవాటు ప్రకారం శాల్తీలు లెక్కపెట్టాను. పదమూడే వచ్చాయి. వెనక్కి తిరిగి చూస్తే మా ఆవిడ మెట్ల మధ్యలో కూర్చుని ఉంది.

"కూజా ఏదీ?" అన్నాను.

ఆమె కూర్చోలేదు, పడిపోయింది. కుడిచేతి మణికట్టు విరిగింది. ఆరు వారాలు సిమెంటు కట్టుతో ఉంది. పడిందన్న సంగతి నాకు తెలియదు, నిజంగానే తెలియదు. కానీ నా నోట మొదట వచ్చిన మాట మాత్రం కూజా గురించే. ఆ తర్వాత ఆరేళ్లలో ఆమె ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. అలాగని నాతో ఊరు ప్రయాణమూ చేయలేదు. పుట్టింటికి వెళ్లాలంటే ఒక్క చేతిసంచితో తనొక్కతే వెళ్లి వచ్చేది. ఎందుకని నేనూ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో తెలుసు కదా.

అందుకే ఆ షరతు వినగానే, ఏమీ మాట్లాడకుండా సరే అన్నాను.

ఈ ప్రయాణానికి సామాను తక్కువగా ఉండాలన్నది మా ఇంటి గొడవ మాత్రమే కాదు, దారి కూడా అదే చెబుతుంది. లక్షద్వీపాల చుట్టూ పగడపు దిబ్బలు గోడ కట్టినట్టు ఉంటాయి. ఆ గోడకూ దీవికీ మధ్య లోతు తక్కువైన నీటి మడుగు ఉంటుంది. దాన్నే లగూన్ అంటారు. పెద్ద ఓడ అందులోకి రాలేదు. సముద్రం అనుకూలంగా ఉన్నచోట జెట్టీకి ఆనుతుందేమో గాని, లేనిచోట బయటే ఆగుతుంది. దీవి నుంచి చిన్న మోటారు పడవలు వచ్చి ఓడ పక్కన నిలుస్తాయి. ఓడ పక్కవాటంలో ఉన్న తలుపు తెరుస్తారు. పడవ కెరటం మీద లేచిన క్షణాన అందులోకి అడుగు వెయ్యాలి. రెండు చేతులూ ఖాళీగా ఉంటేనే అది సాధ్యం. మున్నారు వెళ్లే బస్సు సంగతి సరేసరి. దాదాపు 130 కిలోమీటర్ల ఘాటు దారి, బస్సులో కాళ్ల దగ్గర తప్ప సామానుకు చోటుండదు.

రైలువాళ్ల నిబంధన చూస్తే స్లీపరు క్లాసులో మనిషికి 40 కిలోలు ఉచితంగా తీసుకెళ్లవచ్చు. మా ఐదుగురికీ కలిపి రెండు క్వింటాళ్లన్నమాట. ఓవర్ డ్రాఫ్టు పరిమితి ఇచ్చారు కదా అని మొత్తం వాడేసే ఖాతాదారులు ఉంటారు. వాళ్లకు నేను కౌంటరు ఇవతల కూర్చుని హితబోధలు చేసేవాణ్ని. ఇంట్లో నేనూ అదే పని చేస్తున్నానని ఎవరూ చెప్పలేదు.

మా ఇంట్లో మనుషులు బరువు చూసుకునే యంత్రం ఉంది. సంచిని నేరుగా దానిమీద పెడితే ముల్లు సరిగా కదలదు. అందుకని సంచి తగిలించుకుని ఎక్కి ఒకసారి, తీసేసి ఎక్కి ఒకసారి చూసి తీసివేత చేశాం. పరిమితులు మా ఆవిడే ఖరారు చేసింది. అమ్మకు 3 కిలోలు, తనకు 5, అమ్మాయికి 6, అబ్బాయికి 5, నాకు 7. మొత్తం 26. పద్నాలుగు శాల్తీల నాటి బరువు మేం తూచలేదు గాని, ఒక్క సూట్‌కేసే ఇరవై కిలోలకు తక్కువ ఉండి ఉండదు.

చక్రాల పెట్టెలు వద్దనుకున్నాం. మా అబ్బాయి కాసేపు వాదించాడు గాని, చక్రాల పెట్టె నడవాలంటే నున్నటి నేల కావాలి. బస్సు మెట్ల మీదా, ఓడ నిచ్చెన మీదా దాన్ని మళ్లీ చేత్తో ఎత్తవలసిందే. ఖాళీ పెట్టె బరువే మూడు కిలోలు, అంటే అమ్మ పరిమితి మొత్తం పెట్టెకే చెల్లిపోతుంది. కాబట్టి నలుగురికీ వీపు సంచులు, అమ్మకు భుజాన వేసుకునే గుడ్డసంచి.

అందరికంటే తొందరగా సర్దుకున్నది అమ్మ. రెండు సుంగుడి చీరలు, ఒకటి కట్టుకున్నది, లోపలి బట్టలు, ఒక శాలువా, మందుల పెట్టె, దువ్వెన, కుంకుమ భరిణె, అగ్గిపెట్టె అంత వెంకటేశ్వరస్వామి పటం. అంతే. ఆశ్చర్యపోయి, "రాగిచెంబు వద్దా అమ్మా?" అన్నాను. ఏ ఊరు వెళ్లినా ఆ చెంబుతోనే నీళ్లు తాగే మనిషి. "సముద్రం మీదికి చెంబెందుకురా? మీ నాన్న ఉన్నప్పుడంటే ఆయన మోసేవారు కనుక తెచ్చేదాన్ని" అంది. మోసేవాళ్లు వేరే ఉన్నారు కాబట్టే మన సామాను పెరుగుతుందని నాకు తట్టడానికి యాభై ఏళ్లు దగ్గరపడ్డాయి. ఆవిడ మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసింది.

మా ఆవిడ పద్ధతి వేరు. రెండు పనులకైనా పనికిరాని వస్తువు సంచిలోకి రాకూడదంది. శాలువా నెగ్గింది. మున్నారులో చలికి, బస్సులో తలకింద పెట్టుకోవడానికి, ఓడలో ఏసీ గదిలో కప్పుకోవడానికి. టర్కీ తువ్వాళ్లు ఓడిపోయాయి. వంటింటి తక్కెడలో పెడితే ఒక్కొక్కటి అర కిలో దాకా తూగింది. తడిస్తే ఇంకెంతో! పైగా సముద్రపు గాలిలో అవి రెండు రోజులకు గాని ఆరవు. వాటి బదులు తుండుగుడ్డలు. తుడుచుకోవడానికీ అదే, పడవలో ఎండకు నెత్తిన వేసుకోవడానికీ అదే, రాత్రి ఉతికి ఫ్యాను కింద వేస్తే తెల్లారేసరికి పొడిగా ఉంటుంది. కేరళలో కూడా ఇలాంటి పలుచటి తువ్వాలునే ఇంటింటా వాడతారు. తేమ ఊళ్లో పుట్టిన తెలివి అది.

బట్టలు మనిషికి మూడు జతలు, అందులో ఒకటి ఒంటి మీద. ఎనిమిది తొమ్మిది రోజులకు మూడు జతలేనా అని మా అమ్మాయి కళ్లెర్రజేసింది. రోజూ ఒకటి ఉతుక్కోవాలి మరి. జీన్సు ప్యాంటు తడిస్తే ఓడ దిగేదాకా ఆరదని చెప్పి, దాన్ని ప్రయాణం రోజున తొడుక్కోవడానికి మాత్రం ఒప్పించింది వాళ్లమ్మ. అచ్చమైన మందపాటి నూలు బట్టల కంటే నూలూ పాలియెస్టరూ కలిసిన పలుచటివి, లేదా వాయిలు, ఆ తేమకు మేలు. ఒక బట్టల సబ్బు ముక్క, నాలుగు గజాల నైలాను తాడు. ఆ తాడు ఇంటిల్లిపాదికీ ఒక్కటే.

ఇక నా సంచి. తూచితే పదకొండున్నర కిలోలు వచ్చింది.

అందరి ముందూ విప్పాను. తోలు బూట్లు, వాటి పాలిషు డబ్బా. ఇస్త్రీ పెట్టె. కెమెరాకు మూడు కాళ్ల స్టాండు. పెద్ద టార్చిలైటు. రైల్లో సామాను కట్టేసే గొలుసు, తాళం. కరెంటు ఎక్స్‌టెన్షన్ బాక్సు. రెండో బెల్టు. ఒక ఆఫీసు ఫైలు. "గొలుసు దేనికి నాన్నా? కట్టెయ్యడానికి పెట్టెలే లేవుగా" అన్నాడు అబ్బాయి. ఇస్త్రీ పెట్టెను చూసి మా ఆవిడ ఏమీ అనలేదు, తీసి బీరువాలో పెట్టేసింది. నేను ఏళ్ల తరబడి నాది కొంచెమే అనుకున్నాను. 'కొంచెం' ఎందుకంటే, నావన్నీ 'అవసరానికి ఉంటాయి' అనే పేరుతో కుటుంబం మొత్తం సామాను కింద జమయ్యేవి. ఆ 'అవసరం' ఏనాడూ రాలేదు. బ్యాంకు భాషలో చెప్పాలంటే అన్నీ మొండి బాకీలే. కోపం కొద్దీ ఎడాపెడా తీసి పారేశాను. ఆ ఊపులో ఒక పొరపాటు చేశాను, అది తర్వాత చెబుతాను.

బయలుదేరడానికి వారం ముందు ఒక ఆదివారం ఉదయం రిహార్సలు పెట్టింది మా ఆవిడ. ఎవరి సంచి వాళ్లు తగిలించుకుని మేడ మీదికి రెండుసార్లు ఎక్కి దిగి, వీధి చివర పార్కు చుట్టూ ఒకసారి తిరిగి రావాలి. పక్కింటివాళ్లు కన్నడంలో "ఊరికా?" అని అడిగితే, "ఇంకా లేదు, వచ్చే వారం" అని చెప్పలేక నవ్వి ఊరుకున్నాం. హాస్యంగా అనిపించవచ్చు గాని, ఈ పని చేసి చూడండి. అమ్మ భుజం నొప్పి పెడుతోందని అప్పుడే తెలిసింది. ఆవిడ సంచిలోంచి ఒక చీర అబ్బాయి సంచిలోకి మారింది. అమ్మాయి సంచి పట్టీ కుట్టు వదులుగా ఉందని బయటపడింది. ఇవి ఓడ తలుపు దగ్గర బయటపడవలసినవి కావు.

తిండి దగ్గర కొంత తగవు నడిచింది. ఏప్రిల్ నెలాఖరంటే కొత్తావకాయ రోజులు. 2012లో జాడీ మూత వదులై నూనె కారి పెళ్లి బట్టలన్నీ ఎర్రబడ్డ సంగతి ఎవరూ మరిచిపోలేదు. అయినా ఆవకాయ లేకుండా తొమ్మిది రోజులా అని నాకే మనసొప్పలేదు. మొత్తానికి ఊరగాయలు వద్దని, కందిపొడి, కరివేపాకు పొడి చెరొక పావుకిలో గట్టి ప్లాస్టిక్ కవర్లలో కట్టుకున్నాం. ఓడలో శాకాహారం పెడతారు గాని అది రోజూ ఒకే తీరుగా ఉంటుంది. దీవుల్లో ట్యూనా చేపదే రాజ్యం. అమ్మకు అన్నంలో కందిపొడి కలుపుకుంటే చాలు. మొదటిరోజు రైలుకు పులిహోర అరటాకుల్లో కట్టింది. తిన్నాక ఆకులు పారేస్తే ఆ బరువూ లేదు, గిన్నెలు కడిగే పనీ లేదు.

తగ్గించకూడనివి రెండున్నాయి. ఒకటి మందులు. అమ్మ బీపీ మాత్రలు రెండు భాగాలు చేసి, ఒకటి ఆవిడ సంచిలో, రెండోది నా దగ్గర పెట్టాం. ఓడలో తల తిరగకుండా డాక్టరు రాసిచ్చిన మాత్రలు కూడా అంతే. రెండోది కాగితాలు. లక్షద్వీపాలు మన దేశంలోవే అయినా, బయటివాళ్లు వెళ్లాలంటే ముందుగా ప్రవేశ అనుమతి తీసుకోవాలి. ఆ నిబంధనలు 1967 నాటివి. మేం ఓడకు దరఖాస్తు చేసినప్పుడే ఆ పని కూడా మొదలుపెట్టాం. పోలీసుల నుంచి మామీద కేసులేవీ లేవన్న పత్రం, ఫోటోలు, గుర్తింపు కార్డులు కావాలన్నారు. నెలన్నర ముందు కదిలాం కాబట్టి సరిపోయింది. అసలు కార్డులు ఎవరివి వాళ్ల ఒంటిమీద, నకళ్ల కట్ట నా దగ్గర. ఈ ఒక్క విషయంలో నా ఆఫీసు బుద్ధి పనికివచ్చిందని ఇంట్లో ఒప్పుకున్నారు.

మేం ఎక్కిన బండి బెంగుళూరు నుంచి కన్యాకుమారి వెళ్లేది. దాన్ని పాతవాళ్లు ఇప్పటికీ ఐలాండ్ ఎక్స్‌ప్రెస్ అంటారు. కన్యాకుమారిలో దీవి ఏముందబ్బా అనుకునేవాణ్ని. పూర్వం ఆ బండి కొచ్చిలోని విల్లింగ్డన్ దీవి దాకా వెళ్లేదట, పేరు అందుకే వచ్చింది. కొచ్చి రేవును లోతు చేసినప్పుడు తవ్విన మట్టిని పోసి తయారుచేసిన దీవి అది. లక్షద్వీపాల ఓడ ఎక్కేది కూడా అక్కడే. ఎక్కవలసిన బండి ఎక్కామన్నమాట.

మున్నారు గురించి చాలామంది రాశారు, నేను సామాను సంగతి మాత్రమే చెబుతాను. సముద్ర మట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తు. ఎర్నాకుళంలో చెమటలు కక్కుతూ బస్సెక్కిన మేం సాయంత్రానికి స్వెట్టర్లు వేసుకున్నాం. ఆ చలికి మందపాటి స్వెట్టరు ఒక్కటీ అక్కర్లేదు. లోపల ఒక చొక్కా, పైన ఇంకో చొక్కా, ఆపైన పలుచటి స్వెట్టరు చాలు. ఎండ వచ్చినకొద్దీ ఒక్కొక్కటీ విప్పేయవచ్చు. ఎరవికుళం పార్కులో కొండమేకల్ని చూడటానికి వెళ్లినప్పుడు పొద్దున్నే వణికాం, పదిన్నరకు స్వెట్టర్లు నడుముకు కట్టుకున్నాం. అబ్బాయికి ఘాటు దారిలో రెండుసార్లు వాంతి అయింది. మూడు జతల్లో ఒకటి అప్పుడే పోయింది. ఆ రాత్రి లాడ్జిలో నైలాను తాడు కట్టి ఉతికి ఆరేశాం. ఉతికింది వాడే. "అమ్మ ఉతుకుతుందిలే" అనే మాట ఆ ప్రయాణంలో ఎవరి నోటా రాలేదు, లేదా వచ్చినా మింగేశారు.

కొచ్చి తిరిగి వచ్చాక కొండ సామాను వేరు, సముద్రపు సామాను వేరు చేశాం. స్వెట్టర్లు, మూసిన బూట్లు, అమ్మాయి జీన్సు అన్నీ మడతపెట్టి తెచ్చుకున్న ఖాళీ సంచిలో వేసి, తాళం వేసి స్టేషను క్లోక్‌రూములో పెట్టాం. రైలు టిక్కెట్టు చూపించాలి, సంచికి తాళం ఉండాలి, ఇవి రెండూ వాళ్ల నియమాలు. నేను బీరువాలో వదిలేయబోయిన చిన్న తాళం మాత్రం అలా పనికివచ్చింది. ఐదు రోజులపాటు ఆ నాలుగు కిలోలు రైల్వేవాళ్లు మోశారు. కొండా సముద్రమూ కలిపి వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు. అన్నీ అంతటా తిప్పనక్కర్లేదు. శాలువా ఒక్కటి మాతో ఓడ ఎక్కింది.

మేం ఎక్కిన ఓడ పేరు కవరత్తి. ఏడు వందల మంది పట్టే ఆ ఓడ విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారైంది. ఆ మాట చెప్పగానే అమ్మ ఓడ గోడను చేత్తో తట్టి చూసింది. మా తాతల కాలంలోనే ఇటు వచ్చేసినా, విశాఖ అంటే ఆవిడకు ఇంకా 'మనవైపు'. గదిలో ఒకదానిమీద ఒకటిగా పడకలు, మధ్యలో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటు లేదు. మాకు తెలిసినవాళ్లు కాదు గాని, పక్క గదిలో ఒక కుటుంబం నాలుగు పెద్ద పెట్టెలతో వచ్చింది. రాత్రి పెట్టెల్ని పడకల మీద పెట్టి, పొద్దున్న కింద పెట్టి, ఏదైనా కావాలంటే అన్నీ నడవలోకి లాగి తీసుకునేవాళ్లు. వాళ్లలో మమ్మల్ని మేం చూసుకున్నాం. మా ఆవిడ నావైపు చూసింది గాని, ఏమీ అనలేదు.

ఆ ప్రయాణంలో రాత్రిళ్లు ఓడలోనే పడక, పగలు దీవుల్లో విహారం. కాబట్టి పగటికి చిన్న చేతిసంచి చాలు. నీళ్లు, తుండుగుడ్డ, ఒక జత బట్ట, మందు. తోలు చెప్పులు ఆ నీళ్లకు పనికిరావు. పగడపు ముక్కలు అరికాళ్లను కోస్తాయి కనుక వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు తప్పనిసరి. మొదట కవరత్తి దీవి చూశాం. అక్కడి ఉజ్రా మసీదులో చెక్కకు చెక్కిన పనితనం చూసి తీరాలి. రెండోది కల్పేని.

కల్పేని దగ్గర ఓడ లగూన్ బయట ఆగింది. పక్క తలుపు తెరిచారు. కింద పడవ ఒక మెట్టంత లేస్తోంది, రెండు మెట్లంత దిగుతోంది. ఓడవాళ్లు ఇద్దరు ఇటు, ఇద్దరు అటు నిలబడి, "ఇప్పుడు" అనగానే అడుగు వేయమన్నారు. అమ్మ సంచి మెడలో అడ్డంగా వేసుకుని, రెండు చేతులూ వాళ్లకిచ్చి, గోవిందా అంటూ దిగిపోయింది. తర్వాత మా ఆవిడ. విరిగిన చెయ్యి కుడిది. ఆమె ఆ చేత్తోనే పడవవాడి చెయ్యి పట్టుకుంది. నేను పైనుంచి చూస్తున్నాను. ఈసారి శాల్తీలు లెక్కపెట్టడం లేదు, ఆమెనే చూస్తున్నాను. ఆమె కూర్చున్నాక వెనక్కి తిరిగి, "రండి, ఏం లేదు" అంది.

నేను దిగాను. దిగుతూ తల వంచాను. కళ్లజోడు జారి ఓడకూ పడవకూ మధ్య నీళ్లలో పడింది.

ముందు చెప్పిన పొరపాటు అదే. బెంగుళూరులో సంచి విప్పి ఎడాపెడా తీసేసినప్పుడు, రెండో కళ్లజోడును కూడా 'అవసరానికి ఉంటుంది' జాబితాలో పడేశాను. బెల్టు కొనుక్కోవచ్చు, తువ్వాలు అడిగి తీసుకోవచ్చు, సముద్రం మధ్యలో నా నంబరు కళ్లజోడు ఎవరిస్తారు? తేలిక చేయడం అంటే కనపడినవన్నీ తీసేయడం కాదని అలా తెలిసింది. దొరకని వస్తువుకు జోడు ఉండాలి, దొరికే వస్తువు ఒక్కటైనా ఎక్కువే. దొరికేవాటికి సాక్ష్యం కూడా కల్పేనిలోనే దొరికింది. ఆ దీవిలో బనియన్లు తయారుచేసే కర్మాగారం ఉంది. నాకు బనియన్లు తక్కువై ఇబ్బంది పడుతున్నాను. అక్కడే రెండు కొనుక్కున్నాను. ఎవరైనా దీవికి వెళ్లి బనియన్లు కొనుక్కొస్తారా అని ఇప్పటికీ మా అబ్బాయి నవ్వుతాడు.

వాడు ఒడ్డున ఏరిన పగడపు ముక్కలు జేబునిండా వేసుకున్నాడు. మా వెంట ఉన్న దీవి కుర్రాడు నవ్వుతూనే అన్నీ కింద పోయించాడు. పగడాన్ని, అది చచ్చిన ముక్కైనా సరే, దీవి దాటించడం నేరం. తిరుగు ప్రయాణంలో సామాను పెరగకుండా చట్టమే కాపాడిందన్నమాట. మేం తెచ్చుకున్నవల్లా కొబ్బరితో చేసిన మిఠాయి ఒక పొట్లం, ఆ బనియన్లు.

చివరిది మినికాయ్. లక్షద్వీపాల్లో దక్షిణాన ఉన్న దీవి. మిగతా చోట్ల మలయాళానికి దగ్గరి మాట వినపడుతుంది గాని ఇక్కడి భాష వేరు, మహల్ అంటారు. మాల్దీవుల భాషకు చుట్టం. 1885లో కట్టిన దీపస్తంభం అక్కడ ఉంది. అమ్మ కింద కొబ్బరిచెట్ల నీడలో కూర్చుంటానంది. పిల్లలు ముందే పైకి పరిగెత్తారు. నాకు మెట్లు మసకమసకగా ఉన్నాయి, నేనూ కిందే ఉంటానన్నాను. "ఇంతదూరం వచ్చి కిందనా?" అని మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. గుండ్రంగా తిరిగే ఆ మెట్ల మీద, "ఇక్కడ వెడల్పు, ఇక్కడ ఇరుకు, ఇంకో మెట్టుంది" అని చెబుతూ తీసుకెళ్లింది. ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేదు.

పైన గాలి హోరు. నాకు కనిపించింది ఒక ఆకుపచ్చ మరక, దాని అవతల ఒక నీలం మరక. ఆమె చెప్పింది. "కింద లేత ఆకుపచ్చ, మన వాకిట్లో తులసి చిగురు రంగు. దానిచుట్టూ తెల్లటి గీత, కెరటాలు విరుగుతున్నాయి. ఆ గీత దాటాక ఒక్కసారిగా నీలం, సిరా ఒలికినట్టు. మన ఓడ దూరంగా అగ్గిపెట్టెలా ఉంది." చాలాసేపు చెప్పింది. ఆరేళ్ల తర్వాత ఆమె నాతో అంతసేపు మాట్లాడిన ప్రయాణం అది.

కొచ్చిలో దిగి, ఎర్నాకుళం స్టేషనుకు చేరి క్లోక్‌రూములో సంచి విడిపించుకున్నాం. బండి అవతలి ప్లాట్‌ఫారం మీదికి వస్తుందన్నారు. ఓవర్ బ్రిడ్జి. అమ్మ అబ్బాయి చెయ్యి పట్టుకుని ఎక్కుతోంది. క్లోక్‌రూము సంచి అమ్మాయి తీసుకుంది. మా ఆవిడ తన సంచి తగిలించుకుని నాలుగు మెట్లు ముందు వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగింది.

"ఏమండీ, మెల్లగా రండి. మెట్టు విరిగి ఉంది ఇక్కడ."